రేణుకమ్మ వదిలిన మొగ్గలు

"అత్తా, పప్పుల ఉప్పు మల్ల ఏసినవ్."

కోడలు ఉమ ఆ మాట మెల్లగానే అన్నది. రేణుకమ్మకు మెల్లగా అనే మాటలంటేనే ఒళ్ళు మంట. గట్టిగా అంటే తిరిగి గట్టిగా అనొచ్చు. మెల్లగా, అదీ గరిటె చేతిలో పట్టుకుని జాలిగా చూస్తూ అంటే మనిషి ఏం చేయాలి?

"ఏస్తే ఏసిన. ఇన్ని నీళ్ళు పోసి మరిగియ్యి. ఊర్ల ఎవరింట్ల పప్పు ఉప్పగ గాలే?"

"ఉప్పుది కాదత్తా. నేను వొద్దు వొద్దంటనే ఉన్న. ఊఁ అన్నవ్, అనుకుంటనే ఏసినవ్. యాదికున్నదా నీకు?"

యాదికి లేదు. కానీ లేదని ఒప్పుకుంటే తర్వాత వచ్చే మాట ఏమిటో రేణుకమ్మకు బాగా తెలుసు. గోలీ. ఈ ఇంట్లో ఏం జరిగినా మాట చివరికి ఆ గోలీ దగ్గరికే వచ్చి ఆగుతుంది. కోడి గుడ్డు పెట్టకపోయినా గోలీయే, గోడ పెచ్చు ఊడినా గోలీయే. మొన్న వాకిట్లో జారి పడి మణికట్టు కమిలితే, తడి గచ్చును ఒక్కరూ ఏమీ అనలేదు. దానికీ గోలీయే కారణమట.

"గా నిద్రగోలీ తోటే అత్తా..." అని ఉమ మొదలుపెట్టనే పెట్టింది.

"నాకు తెల్వదా! నీకంటే ముందుగాల పుట్టిన. నడువు, చేనుకు పొద్దయితుంది."

ఇదీ ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే జరిగే భాగోతం. కొడుకు మల్లేశ్ ఈ గొడవలో తలదూర్చడు. తల్లివైపు మాట్లాడితే పెళ్ళానికి కోపం, పెళ్ళాంవైపు మాట్లాడితే తల్లికి కోపం. అందుకని బోరు మోటారు చూసి వస్తానని చెప్పి ముందే బయటపడతాడు. ఆ మోటారును అన్నిసార్లు చూసేవాడు గట్టు మండలం మొత్తంలో మరొకడు ఉండడు.

వాళ్ళు కౌలుకు చేస్తున్నది సీడు పత్తి. దూది కోసం కాదు, విత్తనం కోసం వేసే పత్తి అది. చేనులో ఒక పక్కన మగ చెట్లుంటాయి, మిగతాదంతా ఆడ చెట్లు. ఆడ చెట్టు మీద రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు మధ్యాహ్నమే పట్టుకోవాలి. బొటనవేలి గోటితో రేకులనూ, వాటితోపాటు లోపలి పుప్పొడి తొడుగునూ ఒలిచేయాలి. నడిమి కాడ మాత్రం చెక్కు చెదరకూడదు. ఒలిచినట్టు గుర్తుగా దానికొక ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున మగ చెట్ల పూలు తెచ్చి ఆ కాడకు రాస్తారు. దాన్నే అక్కడ క్రాసింగ్ అంటారు. ఒలవకుండా వదిలేసిన మొగ్గ ఊరుకోదు. మర్నాడు దర్జాగా విచ్చుకుని, తన పుప్పొడి తనకే అంటించుకుని, కల్తీ విత్తనం కడుతుంది. అలాంటివి కాసిని కలిసినా చాలు, మొత్తం విత్తనం పనికిరాదంటుంది దాన్ని కొనే కంపెనీ.

ఈ పనిలో రేణుకమ్మను మించినవాళ్ళు లేరు. ఇది ఆమె చెప్పుకునే గొప్ప కాదు, ఊరంతా ఒప్పుకున్నదే. రేపటి మొగ్గకూ ఎల్లుండి మొగ్గకూ తేడా ఆమె వేళ్ళకు చూడకుండానే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి కూలీల వెనక నడిచి, వాళ్ళు వదిలిన మొగ్గలు ఏరి చూపించి, చెడామడా తిట్టి, మళ్ళీ వాళ్ళతోనే కూర్చుని సద్ది తినేది. ఆమె తిట్టని ఆడమనిషి ఆ ఊళ్ళో క్రాసింగ్ నేర్చుకున్నట్టే కాదని బాలనాగమ్మ అంటుంది. బాలనాగమ్మ అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది లెండి, ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

అలాంటి రేణుకమ్మకు నిద్ర ఎందుకు పోయిందంటే, ఆ మొగ్గల వల్లే పోయింది. కిందటేడు పక్క చేను విత్తనం పరీక్షలో తప్పింది. ఆ ఇంటివాళ్ళ మొహాలు చూసి వచ్చిన నాటినుంచి ఆమెకు కళ్ళు మూస్తే మొగ్గలు కనబడేవి. ఫలానా సాలులో, ఫలానా చెట్టుకు, ఫలానా కొమ్మ కింద, ఆకు చాటున ఒకటి వదిలేశానేమో. లేచి కూర్చునేది. మళ్ళీ పడుకునేది. బీచుపల్లి ఆంజనేయునికి మొక్కుకుని కృష్ణలో స్నానం చేసి వచ్చింది. గసగసాల పాలు తాగింది. అరికాళ్ళకు ఆముదం రాసుకుంది. మొగ్గలు మాత్రం కళ్ళలోంచి పోలేదు.

అప్పుడు ఊళ్ళో వైద్యం చేసే కురుమూర్తి ఒక చిన్న తెల్లగోలీ ఇచ్చాడు. "అక్కా, వారం దినాలు పండుకునే ముంగల సగం ఏసుకో. అటెన్క బంద్ చెయ్యాలె" అన్నాడు. ఆ చెప్పినదాంట్లో మొదటి మాట రేణుకమ్మకు బాగా వినబడింది, రెండోది వినబడలేదు. వారం తర్వాత మళ్ళీ వెళితే అతను ఇయ్యనన్నాడు. గద్వాల పోయి డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఈ మనిషికి గోలీలు ఇయ్యడం చేతకాదని తేల్చేసి, ఆమె గద్వాల పోయే ఆటోవాడి చేతికి ఖాళీ గోలీల షీటు ఇచ్చి పంపింది. సాయంత్రానికి నిండు షీటు వచ్చింది. ఎవరికని గాని, ఎందుకని గాని మందుల దుకాణంలో ఎవరూ అడగలేదట. ఎంత మంచివాళ్ళో అనుకుంది.

సగం గోలీ కొన్నాళ్ళు పని చేసింది. తర్వాత ఒకటైతేనే నిద్ర పట్టింది. ఆ తర్వాత ఒకటిన్నర. పెరుగుతున్నదంటే జబ్బు ముదురుతున్నదని ఆమె అనుకుందే తప్ప, గోలీయే అలవాటవుతున్నదని అనుకోలేదు. ఈ మధ్య ఇంకో తిప్పలు కొత్తగా పట్టుకుంది. పొద్దున్నంతా తలలో దుప్పటి కప్పినట్టుంటుంది. అది విడిపోయి మధ్యాహ్నమయ్యే సరికి వేళ్ళు సన్నగా వణుకుతాయి. మొగ్గ ఒలిచే వేళ్ళు వణికితే ఎట్లా? ఒకరోజు పరేషానై కొంగు ముడిలోంచి సగం గోలీ తీసి సద్దన్నం తర్వాత మింగింది. వణుకు ఆగింది. ఇంకేం కావాలి! ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం సగం. నిద్రగోలీని పట్టపగలు మింగి పనిలోకి దిగుతున్నానని ఆమె అనుకోలేదు. చేతులకు మందు వేసుకుంటున్నానని అనుకుంది. ఈ సంగతి ఉమకు చెప్పలేదు. చెప్పి, ఆ మెల్లటి మాటలు వినే ఓపిక ఆమెకు లేదు.

ఆరోజు పప్పు గొడవ ముగించుకుని అత్తాకోడళ్ళు చేను చేరేసరికి కంపెనీ మనిషి రాకేష్ బండి గట్టు మీద ఆగి ఉంది. కుర్రవాడే, కానీ కళ్ళు డేగవి. ఆడ చెట్ల మధ్యలో నిలబడి ఉన్నాడు. అతని ముందు సాలులో లేత పసుపు పూలు అక్కడొకటి ఇక్కడొకటి హాయిగా విచ్చుకుని ఉన్నాయి. ఆడ చెట్టు మీద విచ్చుకున్న పువ్వు కనబడకూడదు. కనబడిందంటే నిన్న ఎవరో మొగ్గ వదిలేశారన్నమాట.

"ఇవేంటమ్మా?" అన్నాడు రాకేష్. "మీ చేను అని నేను ఇటు సరిగ్గా చూడను కూడా చూడను. పెద్దమ్మ ఉంది కదా అని ధైర్యం. ఇట్లయితే మీ ప్లాటు క్యాన్సిల్ చేసి, విత్తనం కొనేది లేదనాల్సి వస్తుంది. ముందు ఈ పూలన్నీ నా ముందే తెంపించండి. రేపు పొద్దున మళ్ళీ వస్తా. రేపు గనుక ఇట్లా కనబడితే నా చేతుల్లో ఏం లేదు."

మోటారు చూడడం మాని పరుగెత్తుకొచ్చిన మల్లేశ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళకున్నది ఈ ఒక్క పంట. ఇది పోతే మూటాముల్లె సర్దుకుని పనికి హైదరాబాదు బస్సెక్కడమే.

రేణుకమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఎవరిదీ సాలు? శైలజా! నీదేనా?"

శైలజ, రేణుకమ్మ వాళ్ళ వీధి చివర ఉండే యేసయ్య కోడలు. ధరూర్ వైపు పిల్ల. మొగుడు పాల్ హైదరాబాదులో కట్టుబడి పనికి పోతాడు. అత్త లేదు, మామకు కళ్ళు సరిగా కనబడవు, ఇల్లు నడిచేది ఈ పిల్ల చేతుల మీదే. పనిలో నిదానం. నిదానంగా చేసేవాళ్ళంటే రేణుకమ్మకు మొదటి నుంచీ గిట్టదు.

"కాదు పెద్దమ్మా" అన్నది శైలజ. "గా సాలు నీది. నిన్న నేను దిగబోతుంటే, 'గిది నేను చేస్త, నువ్వు అవతలికి పో' అన్నవ్."

"నేనా? నేనెప్పుడన్న?"

"సద్ది తిన్నంక. యాదికి లేదా పెద్దమ్మా?"

యాదికి లేదా! పొద్దున్నే ఇంట్లో అదే మాట, ఇప్పుడు చేన్లో కూడా అదే మాట. ఇంటిల్లిపాదీ, ఊరూవాడా ఏకమై ఆమె జ్ఞాపకశక్తి మీద పడ్డట్టు అనిపించింది రేణుకమ్మకు. "అబద్ధాలు జెప్పకు! మొగ్గలు ఒదిలింది చాలక నా మీద పెడుతవా? ఈ చేతులు ఎన్నేండ్ల సంది మొగ్గ ఒలుస్తున్నయో తెలుసా నీకు? గీ బాలనాగమ్మను అడుగు!"

బాలనాగమ్మను ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండాలనే ఆమె కిందికి చూస్తూ చెప్పు వెతుక్కుంటున్నది. ఆమె కాలికి రెండు చెప్పులూ ఉన్నాయి.

"నేను అబద్ధం జెప్పే మనిషినైతే పొద్దుగాల ప్రార్థన చేసుకొని నీ చేనుకు రాను పెద్దమ్మా" అన్నది శైలజ. కళ్ళు దించలేదు.

"ఐతే రాకు. రేపటి సంది రాకు. పో!"

శైలజ సద్ది గిన్నె తీసుకుని, గట్టు మీది చున్నీ దులిపి తలకు చుట్టుకుని వెళ్ళిపోయింది. అందరి ముందూ, కంపెనీ మనిషి ముందూ. ఉమ "అత్తా!" అని ఒకసారి అన్నది. ఈసారి మెల్లగా అనలేదు. అయినా రేణుకమ్మ వినిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నం గొడవ పడ్డ సాలుతో సహా పక్క సాళ్ళన్నీ తనే చేస్తానని రేణుకమ్మ పట్టుబట్టింది. ఎవరినీ దగ్గరికి రానియ్యలేదు. పని అంటే ఏమిటో చూపిస్తానంది. కోపానికో మరి దేనికో వేళ్ళు మరీ వణికాయి. కొంగు ముడి విప్పి సగం వేసుకుంది. చాలలేదనిపించి ఇంకో సగం వేసుకుంది. కాసేపటికి ప్రపంచమంతా మెత్తబడింది. ఎండ మెత్తగా ఉంది, మాటలు దూరం నుంచి వినబడుతున్నాయి, చేతులు వాటంతట అవే కదులుతున్నాయి. సాయంత్రం ఎట్లా ఇంటికొచ్చిందో, ఏం తిన్నదో తెలియదు. కానీ పని మాత్రం చక్కగా చేశానన్న తృప్తి మిగిలింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందే, తలలో దుప్పటితోనే, చేనుకు వెళ్ళింది. రాకేష్ వచ్చేలోపు ఒకసారి చూసుకుందామని. అప్పుడప్పుడే పూలు విచ్చుకునే వేళ. గట్టు మీదినుంచి చూస్తే సాళ్ళ నిండా ఎర్ర కాగితాలు ముచ్చటగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకుని సాలులోకి దిగింది.

రెండు చెట్లు దాటిందో లేదో ఒక పువ్వు. దానికీ ఎర్ర కాగితం ఉంది. పక్కకు ఒరిగి, విచ్చుకున్న రేకుల మీద టోపీలా కూర్చుని ఉంది.

రేణుకమ్మకు ముందు అర్థం కాలేదు. కాగితం తొడిగారంటే ఒలిచినట్టే కదా? ఒలిచిన మొగ్గ విచ్చుకోవడానికి రేకులెక్కడివి? వంగి చూసింది. లోపల పుప్పొడి నిండుగా ఉంది. ఒలవలేదు. ఒలవకుండానే కాగితం తొడిగేశారు. ముందుకు వెళ్ళింది. మళ్ళీ ఒకటి. ఇంకొకటి. కొన్నిటికి కాగితం కూడా లేదు. ఆమె నిన్న ఎవరినీ రానియ్యని సాలు ఇది. శైలజ లేదు, ఉమ లేదు, బాలనాగమ్మ లేదు. ఇక్కడ కదిలిన చేతులు రెండే, ఆ రెండూ ఆమె భుజాలకే ఉన్నాయి.

తన చేతులను తనే తిప్పి చూసుకుంది. వాటి మీద వచ్చినంత కోపం ఆమెకు జన్మలో ఎవరి మీదా రాలేదు. మొగ్గ వదిలేస్తానేమోనన్న భయంతో నిద్ర కరువైంది, ఆ నిద్ర కోసం గోలీ వేసుకుంది, ఆ గోలీయే దగ్గరుండి మొగ్గలు వదిలించింది. ఎవరికి చెప్పుకోవాలి ఈ సంబడం!

బండి చప్పుడు వినబడింది. రేణుకమ్మ గబగబా పూలన్నీ తెంపి ఒడిలో వేసుకుంది. అది తప్పేమీ కాదు, వదిలేసిన పువ్వును గింజ కట్టకముందే తెంపేయాలనేది రూలే. ఆ పనే ఆమె చేసింది. కాకపోతే రూలు కోసం చేయలేదు. ఒడి ముడేసుకుని సాలు చివరికి వచ్చేసరికి కూలీలూ, ఉమా, మల్లేశూ, రాకేషూ అందరూ గట్టు మీదికి చేరారు.

రాకేష్ సాళ్ళన్నీ తిరిగాడు. వంగి చూశాడు, ఆకులు తిప్పి చూశాడు. ఒక్క పువ్వు కనబడలేదు. మొహం విప్పారింది.

"ఇదీ పెద్దమ్మ చేయంటే! చూశారా, ఆ పిల్లను తీసేయగానే ఎంత శుభ్రంగా ఉందో. ఇంత మంచి ప్లాటును పాడుచేసేది. ఆమె పేరు శైలజ కదా? మిగతా ప్లాట్లవాళ్ళకు కూడా చెప్తా, ఆమెను క్రాసింగుకు పెట్టుకోవద్దని. ఇట్లాంటి వాళ్ళ వల్ల ఊరికే చెడ్డపేరు."

మల్లేశ్ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ప్లాటు నిలబడింది. రేణుకమ్మ నోరు మూసుకుని నిలబడితే చాలు, అంతా సర్దుకుంటుంది. ఒడిలో పూలు ఏ తుమ్మచెట్టు కిందో పారేస్తే వాటి గుట్టు వాటితోనే పోతుంది. పైగా పొగడ్త కూడా వచ్చింది. ఆ పొగడ్తే ఆమెకు మింగుడు పడలేదు. ఆ పిల్లకు ఈ చుట్టుపక్కల ఒక్క చేన్లో కూడా పని దొరకదు ఇక. కళ్ళు కనబడని మామకు అన్నం ఎట్లా పెడుతుంది?

"సారూ, ఆగు" అన్నది. కోపంగానే అన్నది, ఆమెకు వేరే గొంతు రాదు. "ఎవరికేం జెప్పకు. ముందుగాల గిది చూడు."

ఒడి ముడి విప్పింది. పూలు జలజలా గట్టు మీద రాలాయి. కొన్నిటికి ఎర్ర కాగితాలు ఇంకా అంటుకుని ఉన్నాయి.

"గీ సాలు నిన్న నేను చేసిన. నేనొక్కదాన్నే. మొన్నటి సాలు గూడ నాదే అయి ఉంటది. నాకు యాదికి లేదు గాని, గా పిల్ల చెప్పిందే నిజం. నిద్రగోలీలు ఏసుకుంటున్న. రాతిరి ఏసుకుంట, మధ్యానం గూడ ఏసుకుంటున్న. చేతులు నా మాట ఇంటలేవు. ఇగ క్యాన్సిల్ చేస్తవో, ఏం జేస్తవో నీ ఇష్టం. ఆమె పేరు మాత్రం ఎత్తకు."

మల్లేశ్ గట్టు మీద కూలబడ్డాడు. ఉమ అత్తను చూసింది. మధ్యాహ్నం కూడానా అన్నది ఆమె మొహం, కానీ నోటితో అనలేదు. కోడలు అట్లా అనకుండా ఉండడం అదే మొదటిసారి.

రాకేష్ వంగి ఆ పూలను ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "మీరే తెంపారు కాబట్టి విత్తనానికి నష్టం లేదు" అన్నాడు చివరికి. "నిన్న కనబడినవీ నా ముందే తెంపించారు. ప్లాటు ఉంచుతా. కానీ రోజూ వస్తా. మీరు మాత్రం మొగ్గ ముట్టడానికి వీల్లేదు పెద్దమ్మా. ముట్టినట్టు తెలిస్తే ఆరోజే క్యాన్సిల్."

మొగ్గ ముట్టొద్దు! రేణుకమ్మతో ఆ మాట అనే మగాడు ఉంటాడని నిన్నటిదాకా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ఆమె అక్కడినుంచే శైలజ ఇంటికి నడిచింది.

శైలజ వాకిట్లో బియ్యం ఏరుతున్నది. చూసి లేవలేదు, కూర్చోమనలేదు. అరుగు మీద యేసయ్య మాత్రం అడుగుల చప్పుడు గుర్తుపట్టి, "రేణుకక్కనా? రా అక్కా" అన్నాడు. రేణుకమ్మ నిలబడే ఉంది.

"తప్పయింది బిడ్డా. సాలు నాదే."

"నా ఇంట్ల చెప్తె ఏం ఫాయిదా పెద్దమ్మా? నన్ను తిట్టింది చేన్ల."

"చేన్లనే చెప్పిన. అందరు ఉండంగ, గా కంపెనీ పిలగాడు ఉండంగ చెప్పినంకనే ఇటొచ్చిన. కావాలంటే బాలనాగమ్మను అడుగు. ఈసారి చెప్పు ఎతుక్కోదు."

శైలజకు నవ్వు రాబోయింది గాని ఆపుకుంది. చేటలో బియ్యం ఒకసారి కుదిపింది. "వస్త. గాని నిన్ను జూసి కాదు, ఉమక్కను జూసి వస్త" అన్నది. అది న్యాయమే అనిపించి రేణుకమ్మ వెనక్కి తిరిగింది.

ఇంటికి రాగానే గోలీల షీట్లన్నీ, దిండు కిందివీ, పోపుల పెట్టెలోవీ, కొంగు ముడిలోవీ, పొయ్యిలో పడేసింది. ఆమె ఏది చేసినా అట్లాగే చేస్తుంది. మూడో పొద్దుకు ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, చర్మం కింద చీమలు పాకినట్టు, కూర్చుంటే నిలబడాలని, నిలబడితే కూర్చోవాలని. ఉమ ఇక ఎవరినీ అడగలేదు. మొగుణ్ణి మోటారు దగ్గరినుంచి లాక్కొచ్చి, అత్తను ఆటోలో ఎక్కించి గద్వాల సర్కారు దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ అంతా విని తల పట్టుకుంది. "ఒక్కసారిగా ఎవరు ఆపమన్నారు మిమ్మల్ని?"

రేణుకమ్మకు తిక్క రేగింది. "ఏసుకుంటె ఎందుకేసుకున్నవంటరు, బంద్ చేస్తె ఎందుకు బంద్ చేసినవంటరు. మీరంత ఒక మాట మీద ఉండుండ్రి ముందుగాల!"

"అమ్మా, ఈ మందు అన్నాళ్ళు వాడేది కాదు. మీ వయసులో ఒంట్లోంచి తొందరగా పోదు కూడా. పగలంతా మత్తు, మతిమరుపు, కాలు తూలి పడడం. అలవాటయ్యాక ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. కొన్ని వారాలు పడుతుంది."

"మరి నిద్ర?"

"మొదట్లో సరిగా పట్టదు. ఓర్చుకోవాలి. పగలు పడుకోవద్దు, సాయంత్రం చాయ్ తాగొద్దు."

నిద్ర పట్టడం లేదని దవాఖానకు వస్తే, పట్టదు ఓర్చుకో అని చెప్పే డాక్టరును రేణుకమ్మ అదే చూడడం. దానికోసం ఊరి నుంచి గద్వాల దాకా రావాలా? ఆ మాట తిరుగు ఆటోలో దారి పొడుగునా అంటూనే ఉంది. ఉమ బయటికి చూస్తూ ఊఁ కొట్టింది. కొత్తగా రాసిచ్చిన గోలీలు మాత్రం ఇక ఉమ దగ్గరే ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిన ముక్క విరిచి చేతిలో పెడితే, మొహం మాడ్చుకుని మింగేది.

ఆ వారాలు రేణుకమ్మ గట్టు మీద కూర్చుని ఎర్ర కాగితాలు అందించింది. నిద్ర వచ్చిన రోజు వచ్చింది, రాని రోజు రాలేదు. రాని రోజున కళ్ళలో మొగ్గలు వచ్చేవి. వస్తే రానీ అని ఊరుకునేది, ఎట్లాగూ అవి శైలజ ఒలవాల్సిన మొగ్గలు. మధ్యాహ్నాలు కూలీలు పని చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆమెకు నరకమైంది. "గా కొమ్మ కిందికి చూడే!" అని గట్టు మీదినుంచే అరిచేది. వాళ్ళు చూసేవాళ్ళు. చాలాసార్లు అక్కడ మొగ్గ ఉండేది. కళ్ళకేమీ కాలేదని ఆమెకు అదొక ఊరట.

క్రాసింగు ముగింపుకు వచ్చేసరికి గోలీ ముక్క గోరంతకు తగ్గింది. వేళ్ళ వణుకు పోయింది. పప్పులో ఉప్పు ఒకేసారి పడుతున్నది. ఒక మధ్యాహ్నం ఉమే రాకేష్‌తో మాట్లాడి ఒప్పించింది. అత్త ఒక్క సాలు ఒలవొచ్చు, అదీ వెనకాల ఎవరైనా చూసుకుంటూ నడవాలి. ఎవరు నడవాలని ఎవరూ అడగకముందే రేణుకమ్మ అన్నది.

"శైలజా, నా యెనక రా. ఒదిలిన మొగ్గ కనబడితే చెప్పాలె. మొగమాటపడితే ఊరుకోను."

జీవితమంతా ఇతరుల వెనక నడిచిన మనిషి ముందు నడిచింది. నిదానంగా ఒలిచింది, శైలజ కంటే నిదానంగా. మొగ్గ పట్టుకోవడం, గోరు దించడం, తొడుగు లాగడం, కాగితం తొడగడం. చేతులు మాట విన్నాయి. సాలు సగం దాటింది. లోలోపల పాత గర్వం తల ఎత్తుతున్నది.

"పెద్దమ్మా" అన్నది వెనకనుంచి శైలజ. "ఒకటి మిగిలింది."

చుట్టుపక్కల సాళ్ళలో చేతులన్నీ ఆగాయి. బాలనాగమ్మ కిందికి చూసింది. రేణుకమ్మ వెనక్కి వచ్చి వంగి, ఆకు తిప్పి చూసింది. నిజమే. రేపటి మొగ్గే, ఏ సందేహమూ లేదు. కింది కొమ్మకు, సరిగ్గా కళ్ళ ముందే ఉంది.

మెడ నరాలు ఉబ్బాయి. నోటిదాకా ఏదో వచ్చింది. దాన్ని మింగడం డాక్టరమ్మ ఇచ్చిన గోలీల కన్నా కష్టమైంది.

"చూసుకుంట నిలబడ్డవేంది? ఒలిచెయ్యి!" అన్నది, ఆ చివరి సాలు దాకా వినబడేటట్టు. "సాలు ఎవరిదని ఎవరన్న అడిగితే నాదని చెప్పు."

అని, తర్వాతి చెట్టు మీదికి వంగింది.